కాలేజీ నుంచి యూనివర్సిటీకి: పాత నోట్సు అలవాటు ఎందుకు చాలదు

ఒక కాలేజీలో ఏడాదో రెండేళ్లో చదివి, మధ్యలో యూనివర్సిటీకి మారినవాళ్లకు మొదటి సెమిస్టర్‌లో మార్కులు తగ్గడం చాలా పాత సంగతి. అమెరికాలో రెండేళ్ల జూనియర్ కాలేజీల నుంచి యూనివర్సిటీలకు వెళ్లేవాళ్ల ఫలితాలను పరిశీలించి, జాన్ హిల్స్ అనే పరిశోధకుడు 1965లోనే దీనికి ‘ట్రాన్స్‌ఫర్ షాక్’ అని పేరు పెట్టాడు. ఆయన గమనించినదాంట్లో ఊరట కలిగించే మాట కూడా ఉంది. అలా తగ్గినవాళ్లలో చాలామంది తర్వాతి సెమిస్టర్లలో ఎంతో కొంత కోలుకున్నారు. అంటే తెలివి తక్కువై మార్కులు పడిపోలేదు. మరి ఎందుకు పడిపోయాయి?

‘కొత్త చోట పాఠాలు కష్టం’ అనేది అందరూ చెప్పే జవాబు. అందులో నిజం ఉంది కానీ, అసలు కారణం వేరే ఉందని నాకు అనిపిస్తుంది. నేనూ అలా మధ్యలో మారినదాన్నే. కొత్త చోట మొదటిసారి రాసిచ్చిన వ్యాసం మూడో వారంలో తిరిగి చేతికొచ్చింది. మార్జిన్‌లో ఒకే వాక్యం ఉంది: ‘ఇదంతా నేను క్లాసులో చెప్పిందే. మీరేమంటారు?’ అంతకుముందు చదివిన చోట అదే వ్యాసానికి పూర్తి మార్కులు వచ్చేవి. అక్కడ పాఠంలో చెప్పింది వరుస తప్పకుండా రాస్తే పాఠం వచ్చినట్టే లెక్క. ఇక్కడ అదే తప్పయింది. చాలా రోజులు ఆ వాక్యం నన్ను బాధపెట్టింది. తర్వాత అర్థమైంది: పాఠంలో ఏది ముఖ్యమో, ఏది దేనికి ఉదాహరణో, ఏది వదిలేసినా ఫర్వాలేదో తేల్చే పని ఇన్నాళ్లూ లెక్చరర్ నా తరఫున చేసిపెట్టారు. యూనివర్సిటీలో ఆ పని నా మీద పడింది. పడిందని ఎవరూ చెప్పలేదు, అంతే తేడా.

నోట్సు గురించీ చదువు గురించీ ఇక్కడ చెప్పబోయేదంతా ఈ ఒక్క మార్పు చుట్టూనే తిరుగుతుంది.

మాట ఎంత వేగం, చేయి ఎంత వేగం

మాట్లాడే మనిషి సెకనుకు రెండు మూడు పదాలు పలుకుతాడు. చేత్తో రాసేవాళ్లు సగటున సెకనుకు 0.2 నుంచి 0.3 పదం రాస్తారని నోట్సు రాయడంపై పరిశోధించినవాళ్లు లెక్క కట్టారు. నిమిషానికి చూస్తే ఒకవైపు 120 నుంచి 180 పదాలు, ఇంకోవైపు 12 నుంచి 18. పదింతల తేడా. చెప్పింది చెప్పినట్టు రాయడం ఎవరి వల్లా కాదు. మరి పాత కాలేజీలో ఎలా కుదిరింది? అక్కడ లెక్చరర్ ఒకటికి రెండుసార్లు చెప్పేవారు, బోర్డు మీద రాసేవారు, ‘ఇది రాసుకోండి’ అని ఆగేవారు. మన చేతి వేగానికి పాఠాన్ని తగ్గించారన్నమాట. యూనివర్సిటీ లెక్చర్ అలా ఆగదు. ఆగని పాఠాన్ని పాత పద్ధతిలోనే పట్టుకోబోతే సగం వాక్యాలు మిగులుతాయి. మొదటి సగం రాస్తుండగా రెండో సగం చెవిని దాటిపోతుంది.

అందుకే చాలామంది మారిన వెంటనే ల్యాప్‌టాప్ తెరుస్తారు. టైపింగ్ వేగం ఎక్కువ కదా అని. దీని మీద పేరుమోసిన పరిశోధన ఒకటుంది. పామ్ ముల్లర్, డేనియల్ ఓపెన్‌హైమర్ 2014లో ప్రచురించారు. టైప్ చేసినవాళ్లు ఎక్కువ పదాలు రాశారు, వక్త మాటల్నే ఎక్కువగా దించారు, కానీ భావం అడిగే ప్రశ్నల్లో చేత్తో రాసినవాళ్ల కంటే వెనకబడ్డారు. ‘పెన్నే గొప్ప’ అని ప్రచారం అప్పటి నుంచీ బాగా సాగింది. అయితే 2021లో వేరే బృందం అదే ప్రయోగాన్ని మళ్లీ చేసింది. టైప్ చేసేవాళ్లు ఎక్కువగా మాటకు మాట దించుతారన్న భాగం మళ్లీ నిజమైంది. పరీక్షలో వచ్చిన తేడా మాత్రం ఈసారి కనిపించలేదు.

కాబట్టి పెన్నా, కీబోర్డా అని తగువు పెట్టుకోనక్కర్లేదు. మీ చేయి దేనికి అలవాటుపడితే అది వాడండి. చూసుకోవలసింది వేరు: విన్నదాన్ని మీ బుర్ర తూకం వేశాక కాగితం మీదికి పంపుతోందా, లేక చెవి నుంచి నేరుగా వేళ్లలోకి జారిపోతోందా? చేత్తో రాసేటప్పుడు వేగం చాలక ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. టైప్ చేసేటప్పుడు ఎంపిక మనంతట మనమే చేసుకోవాలి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. క్లాసులో తెరిచిన ల్యాప్‌టాప్‌లో పాఠం కాకుండా ఇంకేదో చూస్తే, చూసినవాళ్లకే కాదు, ఆ తెర కనిపించేలా వెనక కూర్చున్నవాళ్లకు కూడా పాఠం తక్కువ వంటబట్టిందని 2013లో ఒక ప్రయోగంలో తేలింది. ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోవడానికి ఇది పనికొస్తుంది.

ఏది రాయాలి అన్నదే అసలు చిక్కు

ఫ్రాన్సిస్ డి వెస్టా, సూసన్ గ్రే 1972లో నోట్సుకు రెండు పనులున్నాయని విడదీసి చెప్పారు. రాస్తున్నప్పుడే విషయం బుర్రకెక్కడం ఒకటి, తర్వాత తిరగేయడానికి బయట ఒక నిల్వ ఉండటం రెండోది. పాత కాలేజీ నోట్సు దాదాపు పూర్తిగా రెండో పని కోసమే. పాఠం కాగితం మీద ఉంటుంది, పరీక్ష ముందు వల్లె వేస్తాం. యూనివర్సిటీలో ఆ నిల్వ ముందే సిద్ధంగా ఉంటుంది: స్లైడ్లు ఇస్తారు, చాలాచోట్ల రికార్డింగులూ ఇస్తారు, పాఠ్యపుస్తకం ఉండనే ఉంది. నిల్వ కోసమే రాసేవాళ్లకు ఇక రాసే అవసరమే కనిపించదు. అప్పుడు కొందరు రాయడం పూర్తిగా మానేస్తారు. అది ఇంకా నష్టం. మిగిలిన మొదటి పనే ఇప్పుడు ముఖ్యం.

మాటల్లో చెబితే తేలిగ్గానే ఉంటుంది. ఒక పాఠం తీసుకుని చూద్దాం. జీవశాస్త్రం లెక్చర్‌లో సికిల్ సెల్ అనే రక్తజబ్బు గురించి చెబుతున్నారనుకోండి. దానికి కారణమయ్యే జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి జబ్బు చేస్తుంది. ఒకరి నుంచి మాత్రమే వస్తే జబ్బు రాదు సరికదా, తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. అందుకే మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఆ జన్యువు ఎక్కువగా కనిపిస్తుంది.

పాత అలవాటు ప్రకారం నోట్సులో ఈ మూడు విషయాలూ వరుసగా, నీట్‌గా ఉంటాయి. కొత్తగా రాయవలసింది ఇలా ఉంటుంది: పైన ఒక ప్రశ్న, ‘హాని చేసే జన్యువు ఇన్ని తరాలైనా ఎందుకు పోలేదు?’ దాని కింద, ‘ఒక కాపీ మేలు, రెండు కాపీలు కీడు. మేలు పొందేవాళ్ల ద్వారా జన్యువు నిలబడుతోంది.’ పక్కన మన సొంత సందేహం, ‘మలేరియా పోతే?’ అంతే. మూడు లైన్లు. రాసిన పదాలు తక్కువ, చేసిన ఆలోచన ఎక్కువ.

ఆ చివరి సందేహాన్ని లెక్చరర్ చెప్పి ఉండకపోవచ్చు. పరీక్షలో వచ్చేది మాత్రం అదే. ‘ఒక ప్రాంతంలో మలేరియాను పూర్తిగా తొలగించారు. ఆ జన్యువు వాటా తర్వాతి తరాల్లో ఎలా మారుతుంది? త్వరగా మాయమవుతుందా?’ అని అడుగుతారు. రక్షణ వల్ల వచ్చే లాభం పోయింది కాబట్టి వాటా తగ్గుతుంది. కానీ అరుదైపోయే కొద్దీ ఆ జన్యువు ఒక్క కాపీగా, జబ్బు చేయకుండా ఆరోగ్యవంతుల్లోనే దాగి ఉంటుంది కాబట్టి తగ్గడం రాను రాను నెమ్మదిస్తుంది. ఈ జవాబు ఏ స్లైడ్‌లోనూ ఉండదు. నోట్సులో ‘మలేరియా పోతే?’ అని రాసుకున్నవాళ్లు దీని గురించి ఒకసారైనా ఆలోచించి ఉంటారు. వరుసగా దించినవాళ్లు మొదటిసారి పరీక్ష హాల్లోనే ఆలోచించాలి, అదీ గడియారం చూసుకుంటూ.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. ఇలా రాయడం మొదట్లో భయం వేస్తుంది. పేజీ ఖాళీగా కనిపిస్తుంది, పక్కవాళ్లు పేజీలు నింపుతుంటారు, ఏదో పోగొట్టుకుంటున్నామని టెన్షన్. ఆ టెన్షన్ తగ్గడానికి నేను చేసిన పని ఏమిటంటే, మొదటి నెల రోజులు రికార్డింగో స్లైడ్లో ఉన్న సబ్జెక్టులో మాత్రమే ఈ పద్ధతి పాటించాను. ఏదైనా జారిపోయినా వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు కదా. ధైర్యం వచ్చాక మిగతావాటికి మార్చాను. అన్నీ ఒకే వారంలో మార్చమని ఎవరికీ చెప్పను.

ఎడమవైపు ఖాళీ

నోట్సు అనగానే అందరూ కార్నెల్ పద్ధతి పేరు చెబుతారు. కార్నెల్ యూనివర్సిటీలో చదువు మెలకువలు నేర్పిన వాల్టర్ పాక్ 1950లలో దీన్ని రూపొందించాడు. పేజీకి ఎడమవైపు సన్నని గడి, కుడివైపు వెడల్పు గడి, కింద కొంచెం జాగా. క్లాసులో కుడివైపు మాత్రమే రాస్తాం. ఎడమవైపు క్లాసయ్యాక ప్రశ్నలు రాస్తాం. కింద రెండు మూడు వాక్యాల్లో సారాంశం.

గీతలు గీసుకునేవాళ్లు చాలామందే ఉంటారు. ఎడమ గడి నింపేవాళ్లు తక్కువ. అసలు ఈ పద్ధతి ప్రాణం ఆ గడిలోనే ఉంది. కుడివైపు రాసినది ఏ ప్రశ్నకు జవాబో అదే రోజు ఆలోచించి ఎడమవైపు రాయాలి. తర్వాత కుడివైపును కాగితంతో కప్పి, ప్రశ్న చూసి జవాబు చెప్పుకోవాలి. క్లాసులో ప్రశ్నలు తట్టకపోయినా ఇక్కడ తట్టే వీలుంది. పది నిమిషాల పని. రెండు రోజులు ఆగితే అదే పనికి గంట పడుతుంది, ఎందుకంటే అప్పటికి మన సంక్షిప్త రాతలు మనకే అర్థం కావు. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లో తన మీద తానే ప్రయోగాలు చేసుకుని తేల్చింది ఇదే: మరుపు మొదటి కొన్ని గంటల్లో, మొదటి రోజులో చాలా వేగంగా వస్తుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. అందుకే ఆ పది నిమిషాలు అదే రోజు పెట్టుకోవాలి.

పాత అలవాట్లలో ‘ఫెయిర్ నోట్సు’ ఒకటి. రఫ్‌గా రాసినదాన్ని ఇంటికెళ్లి రంగు పెన్నులతో అందంగా తిరగరాయడం. నేను ఏళ్ల తరబడి చేశాను. చేతికి శ్రమ, మనసుకు తృప్తి ఇస్తుంది కానీ, చూసి రాయడంలో బుర్రకు పెద్దగా పనుండదు. ఆ సమయాన్ని ఎడమ గడికి ఇస్తే చాలు.

లెక్కలు, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్ లాంటి సబ్జెక్టుల్లో సంగతి కొంచెం వేరు. అక్కడ బోర్డు మీది మెట్లు దించుకోక తప్పదు. కానీ ప్రతి మెట్టు పక్కన ‘ఇది ఎందుకు?’ అన్నదానికి రెండు మాటల్లో జవాబు ఉండాలి. ‘ఇక్కడ రెండువైపులా భాగించారు, ఎందుకంటే ఇది సున్నా కాదని పైన తేలింది’ అన్నట్టు. పక్కన కారణం రాయలేని మెట్టు ఏదైనా ఉంటే, అక్కడే మీకు అర్థం కాలేదని గుర్తు. క్లాసులో చేసిన లెక్కను చూస్తే అంతా తెలిసినట్టే ఉంటుంది. ఖాళీ కాగితం మీద మళ్లీ చేయబోతేనే ఎక్కడ ఆగిపోతామో తెలుస్తుంది.

చదివినట్టు అనిపించడం, చదువు రావడం

పాత చోట పరీక్ష ముందు నోట్సు నాలుగుసార్లు చదివితే గట్టెక్కేవాళ్లం. ఇక్కడ ఆరుసార్లు చదివినా ఎందుకు చాలదు? హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో చేసిన ప్రయోగం దీనికి నేను చూసిన అన్నిటికంటే స్పష్టమైన జవాబు. విద్యార్థులకు చిన్న పాఠాలు ఇచ్చారు. కొన్నిటిని రెండుసార్లు చదవమన్నారు. కొన్నిటిని ఒకసారి చదివి, రెండోసారి చదవకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివిన పాఠాలదే పైచేయి: అవి 81 శాతం గుర్తున్నాయి, చదివి రాసినవి 75. వారం తర్వాత పరీక్ష పెడితే తారుమారైంది: రెండుసార్లు చదివినవి 42 శాతం, చదివి రాసినవి 56.

ఈ అంకెల్లో రెండు నిజాలున్నాయి. పరీక్షకు ముందు రాత్రి కూర్చుని తిరగేసే అలవాటు ఇన్నాళ్లూ పనిచేసిందంటే దానికి కారణముంది. పరీక్ష మర్నాడే ఉంటే, చదివింది అప్పటిదాకా గట్టెక్కేంత నిలుస్తుంది. యూనివర్సిటీలో మూడో వారం పాఠాన్ని పదిహేనో వారంలో అడుగుతారు, పైగా ఆ పాఠం మీద తర్వాతి సెమిస్టర్ కోర్సు నిలబడి ఉంటుంది. రెండోది, మళ్లీ మళ్లీ చదువుతుంటే అక్షరాలు పరిచయమై ‘వచ్చేసింది’ అనిపిస్తుంది. పరిచయం వేరు, పుస్తకం మూసి చెప్పగలగడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా పొరబడటం వల్లే కష్టపడి చదివే పిల్లలు ‘అంత చదివినా ఎందుకు రాలేదు’ అని కుమిలిపోతారు. వాళ్లు సోమరులు కారు. వాళ్ల శ్రమ తప్పుడు చోట ఖర్చవుతోంది. వాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

జాన్ డన్లోస్కీ బృందం 2013లో పది చదువు పద్ధతులను తూకం వేసింది. తమను తాము పరీక్షించుకోవడం, ఒకేసారి కూర్చోకుండా రోజుల మధ్య విరామం ఇచ్చి చదవడం, ఈ రెండిటికే అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చింది. విద్యార్థులు ఎక్కువగా నమ్ముకునే హైలైటర్, మళ్లీ చదవడం అడుగున నిలిచాయి. విరామం ఎంత ఉండాలి అంటే ఒకే అంకె లేదు. పరీక్ష ఎంత దూరంలో ఉంటే మధ్య విరామం అంత పెద్దది కావచ్చు. నేను పాటించిన పద్ధతి చాలా మామూలుది: క్లాసు రోజున ఎడమ గడి, వారం చివర కుడివైపు కప్పి ప్రశ్నలు, నెలకోసారి పాత వారాల్లోంచి ఏదో ఒక పేజీ తెరిచి అదే పని. జవాబు రాని ప్రశ్నకు చుక్క పెట్టాలి. చుక్కలున్నవే మళ్లీ చదవాలి. మిగతావి చదివితే సమయం వృథా.

గంటల లెక్క, దొరకని సీనియర్లు

పాత చోట రోజంతా క్లాసులే. యూనివర్సిటీ టైమ్ టేబుల్ చూస్తే వారానికి పదిహేను గంటలే కనిపిస్తాయి. సెలవులొచ్చినట్టు ఉంటుంది. మోసపోయేది ఇక్కడే. యూరప్ యూనివర్సిటీలు వాడే ఈసీటీఎస్ అనే క్రెడిట్ల లెక్కలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని, ఏడాదికి 60 క్రెడిట్లు. అయిదు క్రెడిట్ల కోర్సు అంటే 125 నుంచి 150 గంటలు. వారానికి మూడు గంటల చొప్పున పన్నెండు వారాలు క్లాసులుంటే అవి 36 గంటలే. మిగతా 89 నుంచి 114 గంటలు మన చేతిలో ఉన్నాయి. ఆ ఖాళీ గంటలకు కూడా గది, సమయం, చేసే పని రాసి క్యాలెండర్‌లో పెట్టుకోకపోతే అవి ఎటుపోయాయో తెలియదు. పదిహేను వారాల సెమిస్టర్ నుంచి పది వారాల క్వార్టర్ ఉన్న చోటికి మారితే ఇంకా జాగ్రత్త. సర్దుకునేలోపే మొదటి మిడ్‌టర్మ్ వచ్చేస్తుంది.

చదవమని ఇచ్చే పుస్తకాలు, పత్రాల గురించి ఒక్క మాట. ఇచ్చినవన్నీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవమని ఎవరూ ఆశించరు. పరిశోధన పత్రమైతే సారాంశం, ముగింపు ముందు చదివి, ‘ఈ మనిషి దేన్ని నిరూపించానంటున్నాడు, నేను నమ్మాలా?’ అన్న ప్రశ్నతో మధ్యలోకి వెళ్లాలి.

మధ్యలో మారినవాళ్లకు మాత్రమే ఉండే ఇబ్బంది ఒకటుంది, దీని గురించి సలహాలిచ్చేవాళ్లు తక్కువ. మొదటి ఏడాది నుంచీ అక్కడే ఉన్నవాళ్లకు ఏ ప్రొఫెసర్ ఎలా అడుగుతారో సీనియర్లు చెప్పి ఉంటారు. రెండో ఏడాది కోర్సు, అక్కడి మొదటి ఏడాది పాఠాల మీద కట్టి ఉంటుంది. మనం చదివిన కోర్సు పేరు అదే కావచ్చు, క్రెడిట్లు బదిలీ అయ్యి ఉండవచ్చు, లోపలి పాఠాలు మాత్రం వేరు. లెక్చరర్ ‘ఇది మీకు తెలుసు కదా’ అని దాటేసిన చోట మనకు తెలియదు. అందరూ తలలూపుతుంటే మనమూ ఊపుతాం.

దీనికి మందు క్లాసులో దొరకదు. సెమిస్టర్ మొదలవక ముందే, మనం వెళ్లబోయే కోర్సుకు ముందు అక్కడివాళ్లు చదివిన కోర్సు సిలబస్‌నూ, దాని పాత ప్రశ్నపత్రాన్నీ సంపాదించాలి. పుస్తకం చూడకుండా ఆ పేపరు రాయాలి. రాని ప్రశ్నల పక్కన చుక్కలు పెట్టాలి. ఆ చుక్కల కాగితాన్ని పట్టుకుని మొదటి వారంలోనే ప్రొఫెసర్ గదికి, విద్యార్థులతో మాట్లాడటానికి వాళ్లు కేటాయించిన సమయంలో వెళ్లి, ‘నేను వేరే చోట నుంచి వచ్చాను, ఈ నాలుగూ నాకు రాలేదు, ముందు ఏది నేర్చుకోవాలి?’ అని అడగాలి. నేను రెండో సెమిస్టర్‌లో గానీ ఆ తలుపు తట్టలేదు. లోపల ఉన్నావిడ నా కాగితం చూసి నాలుగిట్లో రెండు కొట్టేశారు, అవి ఈ కోర్సులో అవసరం రావన్నారు. మిగిలిన రెండిటికీ ఏ అధ్యాయాలు చదవాలో పెన్సిల్‌తో రాసిచ్చారు. ఆ రెండు అధ్యాయాలు చదవడానికి నాకు ఒక ఆదివారం పట్టింది.